మా జిల్లా కేంద్ర గ్రంథాలయం: ఏడాది వాడాక నా అభిప్రాయం

పొద్దున ఏడున్నరకి వెళ్తే గేటు ఇంకా తీసి ఉండదు, కానీ గేటు ముందు బ్యాగులు వరసగా ఉంటాయి. మనుషులు పక్కన టీ బడ్డీ దగ్గర నిలబడి ఉంటారు, ఎవరి బ్యాగు ముందుంటే వాళ్లకి ఫ్యాను కింద కుర్చీ. ఎనిమిదికి తాళం తీయగానే పది నిమిషాల్లో రీడింగ్ హాలు నిండిపోతుంది. నేను మొదటిసారి తొమ్మిదింటికి తీరిగ్గా వెళ్లి, కూర్చోవడానికి చోటు దొరక్క, వరండా మెట్ల మీద కూర్చుని సభ్యత్వం ఫారం నింపాను. ఫోన్లు వచ్చాక లైబ్రరీ మొహం ఎవరూ చూడట్లేదని నేనూ అనుకునేదాన్ని, మా ఆఫీసులో, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో అందరూ అనేదీ అదే. మా ఊళ్లో మాత్రం అది నిజం కాదు.

కృష్ణా డెల్టాలో ఒక జిల్లా కేంద్రం మాది. ఊరి పేరు కావాలనే రాయట్లేదు. ఇందులో కొన్ని లోపాలు చెప్పబోతున్నాను, ఉన్న కొద్దిమంది సిబ్బందే అంత పెద్ద భవనాన్ని నెట్టుకొస్తున్నారు, నా రాత వల్ల వాళ్లకి మాట రాకూడదు. ఏడాదిగా వారానికి రెండు మూడుసార్లు వెళ్తున్నాను, నాకోసం, ఎనిమిదో తరగతి చదివే మా పాప కోసం, మధ్యలో మా అమ్మ కోసం కూడా. అందుకే ఒకరోజు వెళ్లి చూసొచ్చి రాసిన మాటలు కావివి.

ముందు ఆ కుర్చీల సంగతి. హాల్లో నూరు మంది దాకా ఉంటారు, బల్లల మీద చూస్తే లైబ్రరీ స్టాంపు ఉన్న పుస్తకం పదిమంది దగ్గర కూడా కనిపించదు. అన్నీ వాళ్లు తెచ్చుకున్నవే. జెరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించిన మెటీరియల్, చేత్తో రాసుకున్న నోట్సు, నీళ్ల సీసాకి ఆనించి పెట్టిన ఫోన్లో కోచింగ్ సార్ల యూట్యూబ్ క్లాసు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్, రైల్వే, బ్యాంకు, ఏదో ఒక నోటిఫికేషన్ కోసం చదివేవాళ్లే అందరూ. మధ్యాహ్నం చెట్టు కింద బాక్సులు విప్పుకుని తింటారు, కూర ఒకరిదొకరు పంచుకుంటారు, మళ్లీ లోపలికి పోతారు. ఎండాకాలంలో హాలు చాలక అదే చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని చదువుతారు. ఫోన్ల ఛార్జింగ్‌కి ప్లగ్గులు చాలకపోతే వాళ్లే తలా ఇరవై వేసుకుని ఎక్స్‌టెన్షన్ బాక్సులు కొన్నారు. హైదరాబాదులో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నిరుద్యోగులతో నిండి ఉంటుందని అందరం వింటూనే ఉంటాం, చిన్న ఊళ్లలోనూ అదే పరిస్థితి అని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మా అక్క కొడుకు ఏడాదిన్నర హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఉండి చదివాడు. అక్కడ ప్రైవేటు స్టడీ హాల్లో ఏసీ, వైఫై, లాకరు, మనిషికో క్యాబిను, దానికి నెల నెలా డబ్బు. పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి, డబ్బు చాలక మా ఊరొచ్చేశాడు, ఇప్పుడు రోజూ ఈ లైబ్రరీలోనే కూర్చుంటాడు. ఏసీ లేదు కదా, ఇబ్బంది లేదా నాన్నా అని అడిగాను. "అక్కడ క్యాబిన్లో ఎదురుగా చెక్కే కనిపిస్తుంది పిన్నీ, మనసు పాడైతే లేచి రూముకి పోయి పడుకునేవాణ్ని. ఇక్కడ ఎదురుగా నాలాంటివాళ్లు కనిపిస్తారు, వాళ్లు లేవకపోతే నేనూ లేవను" అన్నాడు. ఇంట్లో ఫోన్లో అన్నీ దొరుకుతున్నా వీళ్లు ఇక్కడికెందుకు వస్తారో నాకు అప్పుడు అర్థమైంది. ఒక గదిలో నలుగురున్న ఇంట్లో, టీవీ మోగే ఇంట్లో, "ఇంకా ఉద్యోగం రాలేదా" అని వచ్చిన ప్రతి చుట్టమూ అడిగే ఇంట్లో కూర్చుని చదవడం ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు. టికెట్ లేకుండా, టీ కొనక్కర్లేకుండా, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చోగల చోటు ఊరు మొత్తం మీద ఇదొక్కటే. స్థలం వరకు నేను ఐదుకి ఐదు ఇస్తాను, ప్లగ్గులు లేకపోయినా సరే.

పేపర్ల హాలు వేరే లోకం. రిటైరైన మాస్టార్లు, మార్కెట్ యార్డు గుమాస్తాలు, ఎవరికోసమో ఆసుపత్రికి వచ్చి కాలం గడవని పల్లెటూరివాళ్లు. ఒక్కో పేపరుని విడదీసి, మెయిన్ ఒకరు, జిల్లా పేజీలు ఒకరు, ఆటల పేజీ ఇంకొకరు పట్టుకుంటారు. "అయిపోతే ఇటివ్వండి మాస్టారూ" అన్నమాట తప్ప లోపల మాటలుండవు, రాజకీయాల వాదనంతా వరండాలోకి వచ్చాకే. వీళ్లలో చాలామంది జేబులో స్మార్ట్‌ఫోన్ ఉంది, ఈ-పేపరు చూడటం కూడా వచ్చు. అయినా వస్తారు. ఒకాయన నాతో అన్నారు, ఫోన్లో నేను చదివే పార్టీ వార్తలే వస్తాయమ్మా, ఇక్కడ నాకు నచ్చని పేపరు కూడా చేతికొస్తుంది కాబట్టి చదువుతాను అని.

ఇక పుస్తకాలు. ఇక్కడే నాకు బాధ. కిందంతా కుర్చీ దొరకదు, మేడ మీద పుస్తకాల గదిలో మనిషి దొరకడు. నేను వెళ్లినప్పుడల్లా ఆ బీరువాల మధ్య ఒకరో ఇద్దరో ఉంటారు, చాలాసార్లు నేనొక్కదాన్నే. అటెండరు వచ్చి నా ఒక్కదాని కోసం లైటు వేసి వెళ్తాడు. నెట్‌లో అన్నీ ఉన్నాయి కదా, ఈ పాత పుస్తకాలెందుకు అనేవాళ్లకి నా దగ్గర వాదనేమీ లేదు, ఒక అనుభవం ఉంది, అదే చెప్తాను.

మా అమ్మది దివిసీమ, నాగాయలంక దగ్గర ఊరు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆమెకి పదమూడేళ్లు. ఆ రాత్రి వాళ్ల నాయనమ్మని పోగొట్టుకున్నారు. ఆ మాట తప్ప అమ్మ ఎప్పుడూ ఇంకేమీ చెప్పేది కాదు. ఈ మధ్య పాప స్కూలు ప్రాజెక్టుకి ఉప్పెన గురించి కావాల్సి వచ్చి ఫోన్లో వెతికింది. వచ్చిందేమిటంటే పోయినవాళ్ల లెక్కలు, అవే నాలుగైదు ఫొటోలు, ఒకరిది చూసి ఒకరు రాసిన వ్యాసాలు. అప్పుడు గుర్తొచ్చి లైబ్రేరియన్ గారిని అడిగాను, పాత పేపర్లు ఏమైనా ఉన్నాయా అని. వెనక గదిలో బైండు చేసినవి ఉండాలి, నాకు రెండు రోజులు టైమివ్వండి అన్నారు. నిజంగానే మూడోరోజు ఫోన్ చేశారు. అమ్మని, పాపని తీసుకెళ్లాను.

నవంబరు సంపుటం, అట్ట ఊడిపోయి తాడుతో కట్టి ఉంది. అంచులు వెండి పురుగులు తినేశాయి, ఒకటి రెండు పేజీలు ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. తిరగేస్తుంటే 19వ తేదీ పేపరు వచ్చింది. అమ్మ అక్కడ ఆగింది. ఉప్పెన ముందు అచ్చయిన పేపరు కదా అది, అందులో ఉప్పెన లేదు. లోపలి పేజీలో ఒక సినిమా ప్రకటన మీద వేలు పెట్టి, "ఇదే, మర్నాడు ఆదివారం ఈ సినిమాకే అవనిగడ్డ తీసుకెళ్తానన్నాడు మా నాన్న. ఈ పేపరు మా ఊరికి రానే లేదు" అంది. ఆ తర్వాత రోజుల పేపర్లలో వార్త రోజు రోజుకీ పెద్దదవుతూ వచ్చింది, తీగలు తెగి, దారులు మునిగి ముందు ఎవరికీ ఏమీ తెలియలేదు కదా. అమ్మ వాటిని పెద్దగా చూడలేదు. ఆ సినిమా ప్రకటన దగ్గరే గంటసేపు కూర్చుని, మా తాతయ్య ఏ చొక్కా వేసుకుని ఉన్నాడో, ఎడ్లని ఎక్కడ కట్టేశాడో, నీళ్లొచ్చినప్పుడు ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో పాపకి మొత్తం చెప్పింది. నలభై ఏళ్లుగా నేను విననిది మా పాప ఆ గదిలో కూర్చుని విన్నది.

ఫోన్లో "దివిసీమ ఉప్పెన" అని కొడితే ఆ ప్రకటన ఎప్పటికీ రాదు. దానికోసం వెతకాలని మాకే తెలియదు, ఇక ఫోనుకి ఎలా తెలుస్తుంది. పేపరంతా పేజీ పేజీగా చేతిలో ఉంటేనే అది కనబడుతుంది.

పుస్తకాలకి నేను ఇచ్చేది మూడున్నర. సంపద ఉంది, సంరక్షణ లేదు. ఆ సంపుటాన్ని ఎవరూ స్కాన్ చేయలేదు, ఇంకో పదేళ్లకి ఆ అంచుల్లోంచి పురుగులు అక్షరాల దాకా వస్తాయి. కొత్త పుస్తకాలు వస్తున్నాయి కానీ సగం పైన పోటీ పరీక్షలవే. అవి అవసరమే, కాదనను. అయితే ఈ రెండు మూడేళ్లలో వచ్చిన తెలుగు కథల సంపుటాలు అడిగితే రెండే కనిపించాయి.

సేవకి మాత్రం రెండు, బాధతోనే ఇస్తున్నాను. కారణం ఒక్కటే, ఏముందో ఎవరికీ తెలియదు. పుస్తకం కావాలంటే లావుపాటి అక్సెషన్ రిజిస్టర్లు తిరగేయాలి. అందులో పుస్తకాలు వచ్చిన వరసలో ఉంటాయి, రచయిత పేరుతో వెతకలేం. కంప్యూటర్ ఉంది, అందులో ఎక్కించడం ఎప్పుడో మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. బీరువాల మీద డ్యూయీ నంబర్లు, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకి ఇచ్చే అంకెలు, ఉన్నాయి, తెలుగు సాహిత్యం 894.827 అని చీటీ అంటించి ఉంది, కానీ దాని కింద హోమియోపతి పుస్తకాలున్నాయి. నేను అడిగిన ఒక యాత్రా పుస్తకం రిజిస్టర్లో ఉంది, బీరువాలో లేదు, నెల తర్వాత వ్యవసాయం వరసలో నాకే దొరికింది. లైబ్రేరియన్ గారికి చెప్తే సిగ్గుపడ్డారు, పాపం ఆయనే రెండు శాఖా గ్రంథాలయాలకి కూడా ఇన్‌ఛార్జి. రిటైరైనవాళ్ల స్థానాల్లో మనుషులు రాలేదు. సర్దడానికి మనిషి లేనిచోట పుస్తకం ఎక్కడుండాలో అక్కడ ఎలా ఉంటుంది?

ఇంటర్నెట్‌కి నేను వ్యతిరేకిని కాదు. పాత తెలుగు పుస్తకాలు నేను ఎక్కువగా చదివింది ఆన్‌లైన్‌లోనే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో ఒకప్పుడు వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు, ఆ సైటు మూతపడింది కానీ వాటిలో చాలా భాగం ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఇప్పటికీ ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది, తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు కూర్చుని ఒక్కో పేజీ టైపు చేసి పెడుతున్నారు, వాళ్లకి దణ్ణం పెట్టాలి. కానీ ఆ స్కాన్లలో పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు రాయడం వల్ల వెతికితే దొరకవు, కొన్నిటిలో పేజీలు వంకరగా, కొన్నిటిలో చివరి పేజీలే లేవు. ఇక టెలిగ్రామ్‌లో తిరిగే పీడీఎఫ్‌ల గురించి ఒక మాట. బతికున్న రచయితల పుస్తకాలు అలా పంచుకోవద్దని నా మనవి. తెలుగులో ఒక పుస్తకం వెయ్యి కాపీలు వేసి అమ్ముకోవడమే గగనం, లైబ్రరీ కొనే కాపీలు ఆ రచయితకి నిజంగా ఆసరా. అలా లైబ్రరీలకి పుస్తకాలు అందించడానికే 1972లో రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ పెట్టారు కూడా.

అసలు ఈ ప్రాంతంలో లైబ్రరీ ఇలా ఉండటం నాకు ఎందుకు మింగుడు పడదంటే, లైబ్రరీల కోసం మనవాళ్లు ఉద్యమమే నడిపారు. బెజవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో వచ్చింది. 1914లో అక్కడే అయ్యంకి వెంకట రమణయ్య గారు పూనుకుని ఊరూరి గ్రంథాలయాలవాళ్లని సమావేశపరిచారు, ఆ మరుసటి ఏడాది గ్రంథాలయ సర్వస్వం అని లైబ్రరీల కోసమే ఒక పత్రిక తెచ్చారు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలైంది, దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు, పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ అక్కడికి వెళ్తారు. ఇంకా ముందు, నిజాం ఏలుబడిలో, హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైంది పడవ గ్రంథాలయం. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవలో పుస్తకాలు పెట్టి నడిపారు. జనం తిరిగేది కాలువ మీద కాబట్టి పుస్తకాన్ని కాలువ మీదికే తెచ్చారు. ఇప్పుడు జనం తిరిగేది ఫోన్లో. కనీసం మా లైబ్రరీలో ఉన్న పుస్తకాల జాబితా ఫోన్లో కనిపించేలా పెడితే చాలు, పుస్తకాలన్నీ స్కాన్ చేయమని నేను అడగట్లేదు. పేరు కొడితే "ఉంది, ఫలానా బీరువాలో ఉంది" అని రావాలి. కింద కూర్చున్న ఆ వందమందిలో కంప్యూటర్ తెలిసినవాళ్లు ఎంతమంది, రోజుకో గంట ఎక్కిస్తాం అని మా అక్క కొడుకు, వాడి స్నేహితులు ముగ్గురు లైబ్రేరియన్ గారికి కాగితం కూడా రాసిచ్చారు. పైనుంచి అనుమతి రావాలన్నారు, చూడాలి.

డబ్బు లేదనే మాట వస్తుంది కాబట్టి ఇది కూడా తెలుసుకోండి. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, లైబ్రరీ సెస్ అని ఒక వరస ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసలు. అంటే వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు ఎనభై రూపాయలు లైబ్రరీకి కడుతోంది. మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి, చాలాచోట్ల ఆ బకాయిలు ఏళ్ల తరబడి ఉండిపోతున్నాయి. లైబ్రరీకి వెళ్లనివాళ్లు కూడా దానికి డబ్బు కడుతున్నారు, కట్టిన సంగతే తెలియదు. మీ వార్డు సభ్యుణ్ని, కౌన్సిలర్ని ఒకసారి అడగండి, మా సెస్సు జమైందా అని. నేను అడిగాను. కనుక్కుని చెప్తానన్నారు, నెల తర్వాత మళ్లీ వెళ్తాను.

పిల్లల విభాగం గురించి. మొదటి మూడు నెలలు తాళమే వేసి ఉంది. బొమ్మల పుస్తకాలు, చిన్న కుర్చీలు, గ్లోబు, అన్నీ అద్దం తలుపులోంచి కనిపిస్తాయి. వేసవిలో శిబిరం పెట్టినప్పుడు తీశారు, ముప్ఫై మంది పిల్లలు వచ్చారు, పద్యాలు, కథలు, బొమ్మలు వేయడం, మా పాప నెలరోజులు ఫోన్ అడగలేదు. స్కూళ్లు తెరిచాక మళ్లీ తాళం. ఇప్పుడు అడిగితే తీస్తున్నారు, కాబట్టి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు తాళం చూసి వెనక్కి రాకండి, కౌంటర్లో అడగండి. ఆడవాళ్లకి విడిగా ఒక గది ఉంది, ప్రశాంతంగా ఉంటుంది, కానీ బాత్రూం పరిస్థితి బాగాలేదు, నీళ్లు రావు, గొళ్లెం సరిగా పడదు. పొద్దుటి నుంచి రాత్రి దాకా చదివే అమ్మాయిలు దానివల్ల నీళ్లు తాగడమే మానేస్తున్నారు. ప్లగ్గుల కన్నా, ఏసీ కన్నా ముందు బాగుపడాల్సింది అది. అర్జీ ఇచ్చాం, ఇరవైమంది సంతకాలతో.

వెళ్లాలనుకునేవాళ్లకి: సభ్యత్వానికి ఆధార్ జెరాక్స్, రెండు ఫొటోలు, కొద్దిపాటి డిపాజిట్. మానేసినప్పుడు డిపాజిట్ తిరిగి ఇచ్చేస్తారు. ఒకేసారి రెండు పుస్తకాలు, పదిహేను రోజులు. మాకు శుక్రవారం సెలవు, తెలియక శుక్రవారం వెళ్లి గేటు చూసి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. కుర్చీ కావాలంటే ఎనిమిదికి ముందే వెళ్లండి, పుస్తకం కావాలంటే పన్నెండు, రెండు మధ్య వెళ్లండి, లైబ్రేరియన్ గారికి అప్పుడే కాస్త తీరిక. చదువుకోవడానికి రోజూ వెళ్లే పిల్లలకి ఒక మాట, సభ్యత్వం లేకుండా కూర్చోనిస్తున్నారు సరే, అయినా కార్డు తీసుకోండి, వారానికో పుస్తకం మీ పేరు మీద రాయించుకోండి. పుస్తకాలు ఎన్ని బయటికి వెళ్లాయో రాసిన రిజిస్టరు చూపించే కదా లైబ్రేరియన్ గారు పైవాళ్లని కొత్తవి అడగాలి.

మొన్న అమ్మ తనంతట తానే అడిగింది, డిసెంబరు పేపర్లు కూడా ఉంటాయా అని. ఉప్పెన తర్వాత వాళ్ల ఊరి బడిని శిబిరంగా మార్చారట, ఆ వార్త ఎక్కడైనా వచ్చిందేమో చూడాలంది. డిసెంబరు సంపుటం ఆ గదిలో నవంబరు పక్కన లేదు. శనివారం మళ్లీ వెతుకుదాం, నిచ్చెన తెప్పిస్తాను అన్నారు లైబ్రేరియన్ గారు. దొరికితే ఇక్కడే రాస్తాను.